అల్లిపురంలో పగడాల పురుడు

సముద్రానికి ఎదురుగా కాపురం పెట్టుకుని ఉప్పు బస్తాలు మోయించుకునే మనుషులు ఉంటారా అని ఎవరైనా అడిగితే, ఋషికొండ గుట్ట మీద నాలుగో అంతస్తులో ఒకావిడ ఉంది, వెళ్లి చూసుకోవచ్చు. పేరు సువర్చల. వాళ్ల బాల్కనీలో నిలబడి చెయ్యి చాపితే బంగాళాఖాతం అందుతుందేమో అనిపిస్తుంది. అలాంటి ఇంట్లో ఆమె హాలు మధ్య ఇంత నీలం డ్రమ్ము పెట్టి, ఫిల్టరులో వడకట్టిన మంచినీళ్లు నింపి, గిన్నెడు గిన్నెడు చొప్పున ఉప్పు పోస్తూ చిన్న మోటారుతో కలుపుతోంది.

"ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని మనకిదేం ఖర్మ సువర్చలా?" అన్నాడు భర్త కామేశ్ నడుం పట్టుకుని. బస్తా మోసింది అతనే.

"ఆ సముద్రంలో హార్బరు నూనె ఉంది, ఊరి మురుగు ఉంది. పగడాలకి పడవు."

"చిన్నప్పట్నుంచీ అందులోనే మునిగి తేలాం. మాకు పడిందిగా?"

"మీరు పగడాలు కాదుగా," అంది సువర్చల. నెమ్మదిగానే అంది. ఆమె ఏదన్నా నెమ్మదిగానే అంటుంది. ఆమె గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు విశాఖపట్నంలో లేరు.

అద్దాల తొట్టి వచ్చింది. దాని కింద అలమరలో ఇంకో చిన్న తొట్టి పెట్టారు. పైనుంచి దిగిన నీళ్లు అక్కడ నురగ కట్టి, మడ్డంతా నురగతో పాటు ఒక గిన్నెలోకి పోయి, తేరిన నీళ్లు మళ్లీ పైకెక్కుతాయి. వినడానికి తేలికే. కామేశ్ పోర్టులో ఓడల మీంచి సరుకు దింపే పెద్ద క్రేన్లు చూసుకునే ఇంజనీరు. అంతటివాడు ఈ చిటికెనవేలంత పైపు దగ్గర ఓడిపోయాడు. ఒక అతుకు బిగిస్తే పక్క అతుకు కారింది. మోకాళ్ల మీద పాకుతూ, ఇంట్లో ఉన్న తువాళ్లన్నీ తడిపి, చివరికి నీటిచుక్క ఆగిన రోజున పరీక్ష పాసైన కుర్రాడిలా గెంతాడు.

"ఇక పగడాలు దించెయ్యొచ్చా?"

"ఇంకా లేదు. ముందు ఈ రాళ్లు పెట్టాలి." తను పనిచేసే ల్యాబు నుంచి తెచ్చిన రంధ్రాల రాళ్లను ఆమె ఇసుక మీద ఒకదానికొకటి ఆనించి పేర్చింది. "వీటిలో కంటికి కనబడని జీవులుంటాయి. అవి తొట్టంతా పాకి స్థిరపడాలి. తొట్టిలో పుట్టే విషాన్ని తినేది అవే. పాలలో తోడు వేశాక కదపకుండా ఊరుకుంటాం చూడు, అలాగ."

ఆ తోడు కుదిరేదాకా భార్యాభర్తలిద్దరూ చేపలేని, పగడం లేని ఖాళీ తొట్టి ముందు కూర్చుని వారాల తరబడి కాఫీలు తాగారు. చూడ్డానికి ఏమీ లేకపోయినా చూస్తూ కూర్చోవడంలో సుఖం ఉందని కామేశ్‌కి అప్పుడే తెలిసింది.

ఇంతకీ ఈ తొట్టి ఎవరికోసమో చెప్పాలి.

బీచి రోడ్డులో సముద్రజీవుల ల్యాబు ఒకటుంది. అక్కడ సువర్చల ఉద్యోగం వినడం. నీటి అడుగున పెట్టిన మైకుల్లోంచి వచ్చే చప్పుళ్లను చెవులకు తగిలించుకుని, ఏది రొయ్య, ఏది చేప, ఏది పడవ అని విడదీస్తుంది. బతికున్న పగడపు దిబ్బ మహా గోలగా ఉంటుంది. రొయ్యలు చిటికెలు వేస్తాయి, చేపలు పళ్లు నూరుతాయి, మొత్తం మీద పోపులో ఆవాలు పేలుతున్నట్టు ఉంటుంది. నీళ్లలో తేలే పసి పగడాలు ఆ గోలను పట్టుకునే ఇల్లు వెతుక్కుంటాయి. సముద్రం వేడెక్కి దిబ్బ చచ్చిపోతే గోల ఆగిపోతుంది. గోల లేని చోటికి పిల్లలు రావు.

అందుకని సువర్చల, ఆమె పై అధికారి డాక్టర్ తాయారు కలిసి ఒక పని చేశారు. ఒక చేప చెవిలోని జన్యువును తీసి పగడంలో పెట్టారు. ఆ పగడానికి వినికిడి వచ్చింది. దిబ్బ చప్పుడు రికార్డు చేసి స్పీకరులో వినిపిస్తే, ఏళ్లు పట్టే ఎదుగుదల నెలల్లో ఎదిగింది. ల్యాబులో లడ్డూలు పంచారు. చచ్చిన దిబ్బలన్నిటి దగ్గరా స్పీకర్లు పెట్టి సముద్రాన్ని లేపేస్తామని తాయారు చేతులు ఊపుతూ చెప్పింది.

ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. పగడాలు ఉన్నట్టుండి ముడుచుకుపోయాయి. తిండి మానేశాయి. ఒక్కొక్కటే తెల్లబడి రాలిపోయాయి. వినికిడి వచ్చిన ప్రాణికి ఒంటరితనం కూడా వస్తుందని వాళ్లిద్దరికీ తోచలేదు. పైగా ఆ జాతి పుట్టిన దిబ్బ కాస్తా ఆ వేసవిలోనే నడిసముద్రంలో చచ్చిపోయింది. లోకం మొత్తం మీద ఆ పగడం అంటూ ఉంటే వీళ్ల గాజుతొట్టిలో ఉన్న నాలుగు ముక్కలే.

"ఈ ఏడాది గుడ్లు విడిచాయా, పిల్లల్ని పెంచి సముద్రంలో వేసుకుంటాం. లేదా, ఈ జాతికి మనమే ఆఖరి సాక్షులం," అంది తాయారు. చురుకైన మనిషి, ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు.

"మేడమ్, ఇక్కడ జనరేటరు మోత, ఏసీల మోత. వాటికి శుద్ధమైన శబ్దం అందడం లేదు. మా ఇంటికి తీసుకెళ్తాను. మా ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది," అంది సువర్చల.

నిజమే, ఉంటుంది. ఎందుకు ఉండదు! ఆ నిశ్శబ్దం కోసం ఆమె ఎంత పోరింది! పెళ్లయిన కొత్తలో మూడేళ్లు అల్లిపురంలో అత్తవారింట్లో ఉంది. ఆ ఇంట్లో ఒకరు మాట్లాడుతూంటే ఇంకొకరు ఆగడమనే పద్ధతి లేదు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, విచిత్రంగా అందరికీ అన్నీ అర్థమవుతాయి. నర్సీపట్నంలో పుస్తకాల పురుగులైన ఇద్దరు మేష్టర్లకు ఒక్కతే కూతురుగా పెరిగిన సువర్చలకి అక్కడ రోజూ ఇల్లు పీకి పందిరేసినట్టే ఉండేది. అత్తగారు మంచిదే. మంచితనం కూడా గట్టిగానే చూపిస్తుంది, అదీ బాధ. చివరికి చెవులతో చేసే ఉద్యోగం, చెవులు కాపాడుకోవాలని చెప్పి, కామేశ్‌ని ఒప్పించి ఈ ఫ్లాటుకి వచ్చింది.

పగడాలు దించాక ఆ నిశ్శబ్దానికి ఇంకా పదును పెట్టింది. ఫ్రిజ్ కింద రబ్బరు ముక్కలు వేసింది. గడియారం తీసేసింది. మిక్సీ బంద్. కామేశ్ ఇంట్లో మేజోళ్లతో నడిచేవాడు, తుమ్ము వస్తే బాత్రూములోకి పరుగెత్తేవాడు. తొట్టి పక్కన మంచి స్పీకరులోంచి అసలు సిసలు దిబ్బ చప్పుడు సన్నగా వస్తూండేది. నీలం దీపం కింద నాలుగు ముక్కలూ బూడిదరంగు మొద్దుల్లా, మూసిన గుప్పిళ్లలా ఉండిపోయాయి. వాటిలో ఒకదాని కొసన తెలుపు మొదలైంది. సువర్చలకి అన్నం సహించడం మానేసింది.

ఆ వారంలోనే అత్తగారు పైడమ్మ దండయాత్రకి వచ్చింది. వెనక మావగారు నరసింగరావు, ఆడపడుచు గౌరి.

"ఇంట్లోకి గంగమ్మ తల్లి వొచ్చిందంట! బొట్టెట్టకుండా, కొబ్బరికాయ కొట్టకుండా ఎలగే కోడలా? గృహప్రవేశవూ సెప్పకుండా సేసీసినారు, ఇదీ అలగేనా?" అంటూ పైడమ్మ బుట్ట దింపింది. తొట్టి అద్దానికి పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత బుట్టలోంచి తళతళలాడే రాగి చెంబు తీసింది. అందులో సింహాచలం తీర్థం ఉంది. తెల్లవారకముందే కొండెక్కి తెచ్చిన తీర్థం. "సల్లగా ఉండాల తల్లీ," అని కళ్లు మూసుకుని తొట్టిలోకి వంచబోయింది.

రాగి పగడాలకు విషం. రాగిలో నిలిచిన నీళ్లు చెంబెడు చాలు. సువర్చల ఒక్క అంగలో వెళ్లి అత్తగారి మణికట్టు పట్టేసుకుంది.

పైడమ్మ కళ్లు తెరిచి, తన చెయ్యి చూసుకుని, కోడల్ని చూసింది.

"నా సెయ్యి పట్టీసుకుంది! సూసినావేట్రా కామేసూ? దేవుడి తీర్థం పొయ్యబోతే నా సెయ్యి పట్టీసుకుంది!"

"అమ్మా, రాగి పడదే వాటికి..."

"రాగి పడదేటి? మీ తాతముత్తాతలందరూ రాగి సెంబుల్తోనే తాగినారు!" అన్నాడు నరసింగరావు. షిప్‌యార్డులో సుత్తుల మోత మధ్య ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పక్కనున్నవాడికి చెప్పేది కూడా ఓడ అవతలివాడికి చెప్పినట్టే చెబుతాడు.

"నాన్నా, నువ్వుండు. అమ్మా, నువ్వైనా ముందు వదినని అడగాల కదే!" గౌరి అందుకుంది.

"నానడగాలేటి? దేవుడికి దండమెట్టుకోడానికి పర్మిసనా?"

"అదికాదే అమ్మా, రాగిలో ఏముంటుందంటే..."

"కొబ్బరికాయ కొట్టాలా వొద్దా? ముందది సెప్పండి!"

నలుగురి గొంతులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సువర్చల చెవులు మూసుకుని బాల్కనీలోకి వెళ్లి అద్దం తలుపు వేసేసుకుంది. అత్తగారి మనసు కష్టపెట్టాను, పగడాలనీ బతికించుకోలేను అని ఏడుపొచ్చింది. కాసేపటికి ఎవరో అద్దం మీద దబదబా బాదారు. కామేశ్. అతని నోరు తెరుచుకుని ఉంది, వేలు తొట్టి వైపు చూపిస్తోంది.

బూడిదరంగు మొద్దుల మీద పువ్వులు పూశాయి. నాలుగింటి మీదా. ఆవగింజంత నోళ్లు, ఒక్కొక్క నోటి చుట్టూ ఆకుపచ్చని వేళ్లు, అన్నీ విప్పుకుని నీళ్లలో ఊగుతున్నాయి. సువర్చల ముఖం చూసి, ఏమైందో ఏమోనని అత్తింటివాళ్లు గప్‌చుప్ అయిపోయారు. పువ్వులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి.

"ఏటయింది వదినా? ఎందుకలా సూస్తున్నావు?" అంది గౌరి. ఒక పువ్వు మళ్లీ తల బయటపెట్టింది.

సువర్చలకి అంతా అర్థమైంది. స్పీకరు ఎప్పుడూ ఒకే పాట పాడుతుంది. దిబ్బ మీద ఏ రెండు క్షణాలూ ఒకలా ఉండవు. ఈ పిచ్చి ప్రాణాలు ఇన్నాళ్లూ వెతుకుతున్నది, ఎవరో ఉన్నారన్న చప్పుడు కోసం.

కామేశ్ తెలివైనవాడు కాబట్టి అమ్మా నాన్నల మాటలు ఫోనులో రికార్డు చేసి ఫ్లాటులో వినిపించాడు. కొన్నాళ్లు పగడాలు మోసపోయాయి. తర్వాత మళ్లీ గుప్పిళ్లు మూశాయి. విన్న మాటే వింటే మనుషులకే విసుగు, వాటికి ఉండదా? ఆ మాట వినగానే పైడమ్మ అలక మరిచిపోయి ఫోను చేసింది.

"తొట్టి మా యింటికి తెచ్చీండి. టీవీ తీయించీసి హాల్లో సోటు సేస్తాను. నువ్వు రాకపోయినా పర్లేదమ్మా, నువ్వు గోలకి ఉండలేవని నాకు తెల్దేటి? ఏటి సెయ్యాలో సెప్పు, నాను సేస్తాను. రాగి సెంబు అటకెక్కించీసినాను."

ఫోను పెట్టేసి సువర్చల చాలాసేపు బాల్కనీలో కూర్చుంది. కింద అలలు తప్ప ఏమీ లేదు. ఈ తొట్టిని రోజూ కనిపెట్టుకుని ఉండాలి. ఆవిరైన నీళ్లు కొలిచి పొయ్యాలి, ఉప్పు పాళ్లు చూడాలి, ఏ కొమ్మ రంగు తిరిగిందో కళ్లతో చూసి పట్టుకోవాలి. అది ఫోనులో చెబితే అయ్యే పని కాదు. తొట్టి వెళితే తనూ వెళ్లాలి.

"అల్లిపురం వెళ్లిపోదాం," అంది కామేశ్‌తో.

"ఆలోచించుకో సువర్చలా. పుట్టినప్పట్నుంచీ అందులోనే ఉన్నాను కాబట్టి ఆ గోల నాకు వినబడదు. నీకు వినబడుతుంది."

"ఆలోచించాను. ఆలోచిస్తే వెళ్లలేను. అందుకే రేపే వెళ్దాం."

మర్నాడు నీళ్లు డబ్బాల్లో, రాళ్లు బకెట్లలో, నాలుగు పగడాలూ థర్మోకోల్ పెట్టెలో సువర్చల ఒళ్లో కూర్చుని అల్లిపురం చేరాయి. దారి పొడుగునా ఆమె పెట్టెతో మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడాలో తెలియక దుకాణాల బోర్డులు చదివింది.

ఇక అల్లిపురం సంగతి చెప్పేదేముంది! వీధిగదిలో గౌరి టైలరింగు, మూడు కుట్టుమిషన్లు. వంటింట్లో కుక్కరు ఈలలు. వీధిలో ఆటోలు, అరటిపళ్ల బండి, పక్కింటి కుళాయి తగువు. వీటన్నిటి మీద నరసింగరావుగారి గొంతు. టీవీ పోయిందని ఆయన మొదట మొహం ముడుచుకున్నాడు గానీ, వారం తిరక్కుండా కుర్చీ తొట్టి ముందుకు లాక్కుని పేపరంతా పగడాలకి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. పెట్రోలు ధర చదివినప్పుడు ఒక కొమ్మ బాగా విప్పుకుందని అందరికీ చెప్పేవాడు. పైడమ్మ కూరలు తరుగుతూ వాటికి చుట్టాల కథలు చెప్పేది. బట్టలు కుట్టించుకోడానికి వచ్చిన ఆడవాళ్లు కొలతలిచ్చి వెళ్లిపోకుండా తొట్టి చుట్టూ చేరి, "ఇయ్యి పులుసుకి పనికొస్తాయేటి?" అని అడిగి చీవాట్లు తినేవారు.

పగడాలు ఎదిగాయి. ఎదగడమంటే అలా ఇలా కాదు. నాలుగు మొద్దులు కొమ్మలేసి, కొమ్మలు రెమ్మలేసి, ఊదా, ఆకుపచ్చ, గులాబీ రంగులు తిరిగి, తొట్టిలో తోట లేచింది. డాక్టర్ తాయారు చూడ్డానికి వచ్చి, ఇంగ్లీషులో ఏదో అనబోయి, తెలుగులో ఏడ్చింది. ఆవిడకి పైడమ్మ కాఫీ ఇచ్చి, పెళ్లయిందా అని అడిగి, కాలేదంటే సంబంధం కూడా చెప్పింది.

సువర్చలకి మాత్రం రోజు రోజుకీ కష్టంగానే ఉంది. ల్యాబులో మైకు చప్పుళ్లు చెవికి పట్టడం మానేశాయి. ఒకప్పుడు రెండు జాతుల రొయ్యల చిటికెలు విడదీసిన చెవి, ఇప్పుడు పడవకీ తిమింగలానికీ తేడా తెలియక తికమకపడుతోంది. వినే పని వేరేవాళ్లకి అప్పజెప్పమని తనే తాయారుని అడిగింది. ఇష్టమైన పని, వదులుకుంది. ఆ సాయంత్రం మేడమీద నీళ్లట్యాంకు చాటున కూర్చుని ఏడ్చింది. పైడమ్మ వెతుక్కుంటూ వచ్చి, పక్కన చతికిలబడి, కాఫీ గ్లాసు చేతికిచ్చి ఊరుకుంది. ఒక్క మాట లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ కూర్చుంది. అంత పెద్ద నోరు ఆవిడ తనకోసం కట్టేసుకుందని చూడగానే సువర్చలకి ఏడుస్తూనే నవ్వొచ్చింది.

"ఇప్పుడు మాటాడొచ్చేటి?" అంది పైడమ్మ కొంగులోంచి. పాపం, అప్పటికే చాలాసేపు ఓర్చుకుంది.

పున్నమి దగ్గర పడింది. పగడాలు ఏడాదికోసారి, పున్నమి దాటాక చీకటి పడుతూండగా గుడ్లు విడుస్తాయి. తొట్టికి చీకటి పెట్టేది దీపమే కాబట్టి, అందరికీ వీలుగా ఉంటుందని సువర్చల తొట్టిలో పొద్దు మధ్యాహ్నానికే వాలేలా దీపాలు సర్దింది. పున్నమి దాటింది. గుడ్లు విడవడానికి ఇంకో రెండు రోజులు పడుతుందని ఆమె లెక్క. ఆ రోజు మధ్యాహ్నం ల్యాబులో తాయారుతో కలిసి గుడ్లు పట్టే గిన్నెలు సర్దుతూంటే కామేశ్ ఫోను వచ్చింది. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"వచ్చెయ్. ప్రతి నోట్లోనూ గులాబీరంగు పూస కనబడుతోంది."

ఇద్దరూ గిన్నెలు పట్టుకుని కారులో పడ్డారు. నోటి దగ్గర పూస కనబడితే గుడ్డు సిద్ధమన్నమాట. కాసేపు అలాగే పట్టుకుని, అన్నీ ఒక్కసారి వదులుతాయి. ఈ ఏటికి ఆ ఒక్కసారే.

సువర్చల అల్లిపురం వీధి మలుపు తిరిగింది. ఏమీ వినబడలేదు. అరటిపళ్లబ్బాయి బండి తోసుకుంటూ, కేక వెయ్యకుండా, వేలితో పళ్లు చూపిస్తున్నాడు. కుళాయి దగ్గర బిందెలు చప్పుడు కాకుండా దించుతున్నారు. ఇంట్లో మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. కుక్కరు లేదు, నరసింగరావుగారి గొంతు లేదు. ఎవరికో ఏదో అయిపోయిందని ఆమె చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది.

కిటికీలకి దుప్పట్లు కట్టి హాలు చీకటి చేశారు. చిన్న ఎర్రదీపం వెలుగులో అందరూ వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. నరసింగరావు తువాలు నోట్లో కుక్కుకున్నాడు. పైడమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుని లేచి వచ్చింది.

"పురిటిగది. నోరెత్తకు," అంది చెవిలో. "మా అమ్మ పురుళ్లు పోసీది. తల్లి బెదిరిపోద్ది, గుమ్మం కాడ గట్టిగా మాటాడకూడదనీది. వీధి వీధంతా నోళ్లు కట్టించీసినాను. నీక్కూడా పెసాంతంగా ఉంటాది తల్లీ." ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. కోడలికి ఇన్నాళ్లకి ఇవ్వగలిగింది ఇచ్చానన్న సంతోషం అందులో ఉంది.

సువర్చల తొట్టి దగ్గరికి వెళ్లింది. పూసలు సగం లోపలికి పోయాయి. ఆమె చూస్తూండగానే ఒక కొమ్మ కొసన మూడు నోళ్లు మూసుకున్నాయి.

"మాట్లాడండి," అంది. ఎప్పటిలా నెమ్మదిగా అంది. ఎవరికీ వినబడలేదు.

"మాట్లాడండి! అందరూ మాట్లాడండి! మీరు నోరు మూసుకుంటే ఇవి చచ్చిపోతాయి!"

ఆ గొంతు సువర్చలదేనని పోల్చుకోడానికే ఇంట్లోవాళ్లకి కాస్త టైము పట్టింది. నరసింగరావు తువాలు తీసి నోరు తెరిచాడు, మూశాడు. గౌరి అన్నవైపు చూసింది. పుట్టినప్పట్నుంచీ ఆగకుండా మాట్లాడిన మనుషులు, మాట్లాడండి అనేసరికి మాట కోసం తడుముకున్నారు.

"ఏటి మాటాడమంటావే?" అంది పైడమ్మ గుసగుసగా.

ఇంకో నోరు మూసుకుంది. సువర్చల చుట్టూ చూసింది. ఇంతమందినీ ఒక్కసారిగా లేపే మాట ఏదని వెతికింది. దొరికింది.

"అత్తయ్యా! మొన్న మీ చేపల పులుసులో ఉప్పు ఎక్కువైంది!"

తొట్టిలో నీళ్లు కూడా ఆగినట్టయింది.

"ఏటీ?" అంది పైడమ్మ. "నా పులుసులోనా?"

"మీ పులుసులోనే. నోట్లో పెట్టుకోలేకపోయాను!"

"ఓలమ్మో! రెండు సార్లు ఏయించుకుని తిన్నాది! ఏమయ్యా, నువ్వు సెప్పు, ఉప్పెక్కువైనాదా?"

"కుసింత ఎక్కువైన మాట నిజవే," అన్నాడు నరసింగరావు, ఎన్నాళ్లుగా దాచుకున్నాడో పాపం.

"నాన్నా, నీ నాలిక్కి అన్నీ ఎక్కువే! అమ్మా, నిజం సెప్పాలంటే ఉప్పు కాదు, కారం..."

"కారమేటే? నువ్వొండు రేపట్నుంచి!"

"బాగానే ఉందమ్మా పులుసు, నేను తిన్నాను కదా..."

"నువ్వు పెళ్లాం పక్కనున్నప్పుడు నాకెప్పుడు సాయం వొచ్చినావురా?"

వీధిలోంచి అరటిపళ్లబ్బాయి కిటికీ దగ్గరికి వచ్చి పులుసులో బెల్లం ముక్క వేస్తే సరిపోతుందన్నాడు. కుళాయి దగ్గరి ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి బెల్లమేమిటని వాణ్ణి తిట్టారు. ఆ పులుసు ఎన్నడూ రుచి చూడని డాక్టర్ తాయారు కూడా, చింతపండు ముదిరితే ఉప్పు ఎక్కువనిపిస్తుందని గొంతు పెంచి అభిప్రాయం చెప్పింది. ఎవరూ ఎవరి మాటా ఆగి వినలేదు. అల్లిపురం అల్లిపురంలా లేచింది.

పూసలు మళ్లీ పైకొచ్చాయి. ప్రతి నోట్లోనూ ఒకటి, గులాబీ రంగులో, గుండ్రంగా నిలిచింది. ఒకటి ఊడింది. తర్వాత పది. తర్వాత తొట్టిలోని కొమ్మలన్నీ ఒక్కసారి విడిచేశాయి. ఎర్రదీపం వెలుగులో లెక్కలేనన్ని పూసలు మెల్లగా తేలుతూ పైకి, ఇంకా పైకి వెళుతున్నాయి. లోకంలో ఇంకెక్కడా లేని ప్రాణి, ఇరుకు ఇంట్లో, చేపల పులుసు తగువులో పిల్లల్ని కంటోంది. సువర్చలకి ఒళ్లంతా సంతోషం. తాయారు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో గిన్నె నీళ్ల మీద ఆనించి గుడ్లు పట్టుకుంటూ, చింతపండు గురించి చెబుతూనే ఉంది.

పైడమ్మ చూసింది. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి, చేతులు జోడించింది. దండం పెట్టుకుంటూ ఒక్క క్షణం మాట ఆపింది. చుట్టూ ఉన్నవాళ్ల గొంతులు కూడా తగ్గబోయాయి.

"ఆపకండి అత్తయ్యా!" అరిచింది సువర్చల. "ఆ పులుసొక్కటే అనుకున్నారా? మీ వంకాయ కూర సంగతి ఇంకా ఎత్తనేలేదు!"

"ఎత్తు! ఎత్తి సూడు! నా వంకాయ కూరకేటే?" అంది పైడమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, ఇల్లెగిరిపోయేలా.

సువర్చల ఊపిరి పీల్చుకుని, ఆ ఇంట్లో అందరికన్నా గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.